నెలనెలా ఇచ్చే దాతలు: చిన్న ట్రస్టు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జారిపోతుంది

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మార్కాపురం చుట్టుపక్కల ఆరు ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ సెంటర్లు నడుపుతున్నారు. జూన్‌లో బ్యాగులు, నోటుపుస్తకాలు అంటే డబ్బు వస్తోంది. ఎవరి పుట్టినరోజో, ఎవరింట్లో తద్దినమో అయితే పిల్లల భోజనాలకి వస్తోంది. టీచర్లకి గౌరవ వేతనం ఇవ్వాల్సిన ఒకటో తారీఖున మాత్రం ఖాతా ఖాళీ. అందుకని నెలవారీ విరాళాలు మొదలుపెడదామనుకుంటున్నారు. ఏ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సర్వీసు) తీసుకోవాలి, ఎంత అడగాలి, అమెరికాలో ఉన్న మనవాళ్లని ఎలా చేర్చాలి, ఈ పనంతా కాల్ సెంటర్ ఏజెన్సీకి అప్పజెప్పొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. చిన్న సంస్థలకి ఈ పని చేసిపెడుతూ చాలా ఏళ్లయింది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

గేట్‌వే సంగతి తర్వాత. ముందు ఒక కాగితం తీసుకుని, ఒక్క సెంటరు ఒక్క నెల నడవడానికి ఎంత అవుతుందో రాయండి. మీరిచ్చిన అంకెల ప్రకారం టీచరుకి 4,500. చాక్‌పీసులు, నోటుపుస్తకాలు, కరెంటు, పిల్లలకి మరమరాలో శనగలో కలిపి ఒక 700 అనుకుందాం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆరు సెంటర్లూ తిరిగి చూసే మనిషి బండి పెట్రోలు, ఆడిటర్ ఫీజు, బ్యాంకు ఛార్జీలు ఎవరిస్తారు? వాటి వాటా ఇంకో 800 కలపండి. మొత్తం 6,000. దాతకి చెప్పాల్సిన అంకె ఇదే. ‘మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పిల్లలకే’ అని గొప్పగా రాసుకున్న సంస్థలు రెండేళ్లకి ఆఫీసు అద్దె కట్టలేక, ఆ సంగతి దాతలకి చెప్పుకోనూ లేక ఇబ్బంది పడటం చూశాను. ఆ మాట మీ కరపత్రంలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

6,000 అంటే నెలకి 500 ఇచ్చేవాళ్లు పన్నెండు మంది. ఒక ఊరి సెంటరు, దానికి పన్నెండు మంది. మీ పథకం ఈ ముక్క మీదే కట్టమంటాను. ఆరు సెంటర్లకి 72 మంది, నెలకి 36,000.

దీన్ని కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మన తాతల తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఎంతమందో. సోమవారం కరణంగారిల్లు, మంగళవారం ప్లీడరుగారిల్లు, అలా ఏడిళ్లు కలిసి ఒక కుర్రాణ్ణి చదివించేవి. ఏ ఇంటికీ అది పెద్ద బరువు కాదు. రోజు ముందే ఖాయం. పైగా, ‘ఈ బుధవారం మనం ఊళ్లో ఉండకపోతే ఆ పిల్లాడు పస్తుంటాడు’ అని ఆ ఇల్లాలికి తెలుసు. మూడోదే అసలు బలం. నెలవారీ దాత నిలబడేది తన 500 లేకపోతే ఎక్కడ ఖాళీ పడుతుందో అతనికి కనిపించినప్పుడే. ‘సంస్థ కార్యక్రమాలకి చేయూతనివ్వండి’ అంటే ఆ ఖాళీ కనిపించదు. ‘పెద్దారవీడు వైపు సెంటరుకి పదకొండు మంది అయ్యారు, ఒకరు తక్కువ’ అంటే కనిపిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. దాతని సెంటరుకి ముడిపెట్టండి కానీ ఫలానా పిల్లకో పిల్లాడికో ముడిపెట్టకండి. ‘ఈ పాపని మీరు దత్తత తీసుకోండి’ పద్ధతిలో డబ్బు తొందరగా వస్తుంది, నిజమే. తర్వాత ఆ పాప కుటుంబం వలస వెళ్లిపోతే, చదువు మానేస్తే, పెళ్లి చేసేస్తే దాతకి ఏం చెబుతారు? అదీకాక ఒకే తరగతిలో దాత ఉన్న పిల్ల, లేని పిల్ల అని రెండు రకాలు తయారవుతాయి. రసీదు మీద కూడా ‘ఫలానా సెంటరు మరియు ట్రస్టు విద్యా కార్యక్రమాలకు’ అని రాయండి. ఒక ఊళ్లో ఎక్కువొచ్చి ఇంకో ఊళ్లో తక్కువైనప్పుడు సర్దుకునే వీలుండాలి. ఆ సంగతి దాతకి మొదటిరోజే చెప్పాలి.

ఇక ఎవరిని అడగాలి. ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి ఎదురుచూడటం ఆఖరి మార్గం. మీ పాత రసీదు పుస్తకాలు తీయండి. గత మూడేళ్లలో రెండుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో ఇచ్చినవాళ్ల పేర్లు విడిగా రాయండి. ఎంత ఇచ్చారన్నది పట్టించుకోకండి. ఏటా జూన్‌లో తనకై తాను 300 పంపే రిటైర్డ్ టీచరు నెలవారీ దాత అవుతాడు. ఒకే ఒక్కసారి పాతికవేలు ఇచ్చి ఫోటో దిగి వెళ్లినాయన అయ్యే అవకాశం చాలా తక్కువ. పాత దాతల తర్వాత వాలంటీర్లు, సెంటర్లలో చదివి ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న పాత పిల్లలు, ఆ ఊళ్ల నుంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్లి స్థిరపడ్డవాళ్లు. ఈ చివరివాళ్లు మీరు అనుకుంటున్నదానికన్నా ఎక్కువమంది ఉంటారు. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరొస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం సెంటరుకి పిలిచి టీ ఇచ్చి కూర్చోబెడితే, ఏడాదంతా పెట్టే పోస్టుల కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. వేదికలు, శాలువాలు వద్దు. పిల్లలు ఎక్కాలు చెబుతుంటే చూడనివ్వండి చాలు.

వీళ్లందరికన్నా ముందు మీ ట్రస్టీలు. ట్రస్టీ తన ఫోన్లో ఆటోపే (నెలనెలా డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టుకోకుండా ఇంకొకర్ని పెట్టుకోమంటే గొంతులో బలం ఉండదు. మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు, 200 అయినా సరే. ఇందులో ఇంకో లాభముంది. లింకు పనిచేస్తోందా, రసీదు వస్తోందా, డబ్బు కట్ అయ్యే ముందు వచ్చే మెసేజ్‌లో ఏ పేరు కనిపిస్తోంది అన్నవి మీ ఇంట్లోనే తేలిపోతాయి.

అడగడం ఫోన్లోనో ఎదురుగానో. వాట్సాప్ మెసేజ్ అడగడం కిందికి రాదు, గుర్తుచేయడం కిందికి వస్తుంది. ఎలా అడగాలో తెలియట్లేదు అన్నారు కాబట్టి నేను చెప్పించే మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

‘అన్నా, పోయినేడు జూన్‌లో బ్యాగులకి రెండు వేలు పంపావు కదా. ఆ పిల్లలు ఇప్పుడు రోజూ సాయంత్రం మన సెంటరుకి వస్తున్నారు. అక్కడ చెప్పే అమ్మాయికి నెలకి నాలుగువేల అయిదొందలు ఇస్తున్నాం. అన్నీ కలిపి సెంటరుకి ఆరువేలవుతుంది. దానికి పన్నెండు మంది కలిసి తలా అయిదొందలు వేసుకుంటున్నారు. మీ ఊరి సెంటరుకి ఏడుగురయ్యారు. నువ్వు ఎనిమిదోవాడివి అవుతావా? ఇబ్బంది అనిపించిన రోజు నాకొక మెసేజ్ పెట్టు, ఆపేద్దాం.’

అడిగాక మౌనంగా ఉండండి. మన వాళ్లకి మొహమాటం ఎక్కువ. అవతలి వ్యక్తి ఒక్క క్షణం ఆలోచిస్తుంటే ‘పర్లేదన్నా, వందైనా ఫర్వాలేదు’ అని మనమే తగ్గించేస్తాం. అతను అయిదొందలకి ఒప్పుకోబోతున్నాడేమో! 500 కష్టమని అతనే అంటే అప్పుడు 200 చెప్పండి. నెలకి 100 కన్నా తక్కువ మాత్రం నేను తీసుకోమనను. ఆ ఒక్కరికి రసీదు, ఫోను, లెక్క అన్నీ 500 ఇచ్చేవాడికి పట్టినంతే పడతాయి.

ఇప్పుడు డబ్బు వచ్చే దారి. మొదటి ఇరవై మందికి గేట్‌వే అక్కర్లేదు. ఎవరి నెట్ బ్యాంకింగ్‌లో వాళ్లు ప్రతి నెలా ఫలానా తేదీకి ట్రస్టు ఖాతాకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకుంటే సరిపోతుంది. ఆగిపోతే మీకు కబురు రాదు, స్టేట్‌మెంటు చూసి మీరే పట్టుకోవాలి. ఇరవై మంది దాకా అది సాధ్యమే. అది దాటాక యూపీఐ ఆటోపే వైపు వెళ్లండి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దీన్ని 2020 జూలైలో తెచ్చింది. ఇవాళ ఫోన్‌పే, గూగుల్ పే వాడేవాడికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. మొదట ఒకసారి యూపీఐ పిన్ కొడితే, ఆ తర్వాత 15,000 లోపు మొత్తాలకి నెలనెలా పిన్ అడగదు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వేలు ఈ సదుపాయం ఇస్తాయి. ట్రస్ట్ డీడ్, ట్రస్టు పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి పన్ను మినహాయింపు) పత్రాలు, ట్రస్టు పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతా అడుగుతారు. ఛార్జీలు వాడే పద్ధతినిబట్టి మారతాయి. లెక్కకి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకోండి. 36,000 మీద సుమారు 850 రూపాయలు. స్వచ్ఛంద సంస్థలకి తగ్గింపు ఉందేమో అడగండి, అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వరు. ఏ పరిస్థితిలోనూ ట్రస్టీ సొంత ఫోన్‌పే నంబరుకి విరాళాలు తీసుకోకండి. లెక్క ఎంత నిజాయితీగా ఉన్నా అది నిలబడదు.

క్రెడిట్, డెబిట్ కార్డులు కూడా పెట్టొచ్చు. కానీ 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మారాక కార్డు మీద నెలవారీ కోతలకి ప్రత్యేకంగా మాండేట్, అంటే ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి దాత ముందే ఇచ్చే అనుమతి, ఇవ్వాల్సి వస్తోంది. కార్డు గడువు తీరినా, మార్చినా మళ్లీ మొదటికే. నాచ్ అంటే పాత ఈసీఎస్ స్థానంలో వచ్చిన పద్ధతి, బ్యాంకు ఖాతా నుంచే నెలనెలా డబ్బు కట్ అవుతుంది. పెద్ద వయసువాళ్లు, యూపీఐ వాడని పెన్షనర్లు కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలంటే ఇదే దారి. సంతకం బ్యాంకులో ఉన్నదానితో కలవక తిరిగొచ్చే ఫారాలు ఎక్కువ, అందుకని పాస్‌బుక్‌లో పెట్టినట్టే సంతకం చేయమని ముందే చెప్పండి. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఖాతాలో డబ్బు లేక నాచ్ బౌన్స్ అయితే దాత బ్యాంకు అతని దగ్గర జరిమానా వసూలు చేస్తుంది. మీకు 300 ఇద్దామనుకున్న పెద్దాయనకి అంతకన్నా ఎక్కువ పెనాల్టీ పడొచ్చు. ఆయన ఇక మీ మొహం చూడడు. కాబట్టి తేదీ దాతనే ఎంచుకోనివ్వండి. జీతాలు నెల చివర్లోనో ఒకటినో పడతాయి, ఈఎంఐలు, ఎస్ఐపీలు అయిదు నుంచి పది లోపు లాగేస్తాయి. రెండు, మూడు తేదీలు బాగుంటాయి.

ఆటోపేలో డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు దాతకి నోటీసు వెళ్లాలి. రూలు మంచిదే. కానీ ఆలోచించండి, చాలా సంస్థల విషయంలో దాతకి నెలకి అందే ఏకైక కబురు అదే: ‘రేపు మీ ఖాతా నుంచి 500 కట్ అవుతుంది.’ ప్రతి నెలా ‘ఇది అవసరమా’ అని గుర్తుచేసే మెసేజ్ అన్నమాట. మీ సొంత కబురు దానికి రెండు మూడు రోజుల ముందు అందేలా చూడండి. నేను మార్పించే పనుల్లో ఖర్చు లేనిది, ఫలితం బాగా ఇచ్చేది ఇదే. అలాగే ఆ నోటీసులో ఏ పేరు కనిపిస్తుందో చూసుకోండి. ఊళ్లో మిమ్మల్ని అందరూ ఒక పేరుతో పిలుస్తారు, రిజిస్టరైన పేరు ఇంకేదో పొడుగ్గా ఉంటుంది. ఆ పొడుగు పేరు చూసి ఎవరో మోసం చేస్తున్నారనుకుని మాండేట్ రద్దు చేసేవాళ్లు ఉంటారు. ‘మీకు మెసేజ్ ఈ పేరుతో వస్తుంది’ అని మొదటి రోజే స్క్రీన్‌షాట్ పంపండి. కొన్ని సెటప్పుల్లో మాండేట్ గరిష్ఠ మొత్తం 15,000 అని కనిపిస్తుంది, దాత గుండె గుభేలుమంటుంది. దాత ఒప్పుకున్న 500 కే మాండేట్ పెట్టించండి.

ఎలా ఆపేయాలో కూడా చేర్చుకునేటప్పుడే చూపించండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్తే ఆపేయొచ్చు. ‘ఒకసారి పెడితే ఇక వదలదు’ అన్న భయం మన దగ్గర చాలా ఉంది. తలుపు తెరిచి ఉందని తెలిసినవాడు నింపాదిగా కూర్చుంటాడు.

ఇక జారిపోయే చోటు. దాతలు చెప్పి మానేయరు. బ్యాలెన్స్ లేక ఒక నెల తప్పుతుంది, బ్యాంకు మారుతుంది, ఫోన్ మారుతుంది, ఎవరూ అడగరు, అంతే. లెక్క వేసి చూడండి. 100 మందితో మొదలుపెట్టి నెలకి నూటికి ఇద్దరి చొప్పున జారిపోతే ఏడాది చివరికి 78 మంది మిగులుతారు. నలుగురి చొప్పున జారిపోతే 61 మందే. మీకు కావలసింది 72. అంటే ఆ ఇద్దరికీ నలుగురికీ మధ్య తేడాలోనే మీ సెంటరు ఒకటి మూతపడటమో నడవటమో ఉంది. ఎంతమంది కొత్తగా చేరారన్నది ట్రస్టీల మీటింగులో అందరూ అడుగుతారు. ఈ నెల ఎన్ని ఫెయిలయ్యాయి, వాళ్లలో ఎంతమందితో మాట్లాడారు అని అడిగే ట్రస్టీ ఒక్కరుండాలి.

ఫెయిలైన మాండేట్‌ని సిస్టమ్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 2025 ఆగస్టు నుంచి యూపీఐలో మొదటి ప్రయత్నం కాక మూడుసార్లు దాకా, రద్దీ లేని వేళల్లో చేస్తారు. అది కూడా కాకపోతే వారంలోపు మనిషి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో డబ్బు మాట ముందు ఎత్తొద్దు. ‘అక్కా, బాగున్నారా, ఈ నెల మాండేట్ వెళ్లలేదు, ఫోన్ ఏమైనా మార్చారా అని అడుగుదామని చేశాను’ అంటే చాలు. నిజంగా ఉద్యోగం పోయి ఉంటే ఆమే చెబుతుంది. అప్పుడు ‘ఆర్నెల్లు ఆపేద్దాం అక్కా, మీ పేరు మాత్రం అలాగే ఉంచుతాం’ అనండి. ఇలా ఆగినవాళ్లు తిరిగొస్తారు. ఈ పనికి ఒక మనిషి కావాలి. వారానికి రెండు సాయంత్రాలు, ఒక ఎక్సెల్ షీట్, నెమ్మదిగా మాట్లాడే గొంతు. వాలంటీరైతే పరీక్షలప్పుడు మాయమవుతారు కాబట్టి కొంచెమైనా డబ్బిచ్చి పెట్టుకోండి. మీ దగ్గర చదువుకున్న డిగ్రీ అమ్మాయి ఎవరైనా అయితే ఇంకా మంచిది, ఆమె మాట్లాడితే అది సెంటరే మాట్లాడినట్టు.

రసీదులు, పన్ను సంగతి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి, మీ ఆడిటర్ని అడగండి. అందరికీ అలవాటైన పాత నంబర్లతోనే చెబుతాను. 80జీ ఉందని గొప్పగా ప్రచారం చేయకండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జీ మినహాయింపు లేదు, 2023-24 నుంచి ఆ విధానమే డిఫాల్టు. పాత విధానంలో ఉన్నవాళ్లకి ఇచ్చినదాంట్లో సగం దాకా మినహాయింపు, అదీ పరిమితులకి లోబడి. 2,000 మించి నగదుగా ఇస్తే అదీ లేదు. నెలకి 500 ఇచ్చేవాడు పన్ను కోసం ఇవ్వట్లేదు. అయినా అడిగినవాడికి సర్టిఫికెట్ సమయానికి అందకపోతే వచ్చే ఏడాది ఇవ్వడు. ఆ ఏడాది విరాళాల వివరాలతో 10బీడీ అనే ఫారం మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకి దాఖలు చేసి, దాతలకి 10బీఈ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకి 200 చొప్పున రుసుము. ఇందుకు దాత పేరు, చిరునామా, పాన్ లాంటి గుర్తింపు నంబరు కావాలి. చేర్చుకునేటప్పుడే తీసుకోకపోతే మే నెలంతా ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.

ఇక్కడే క్యూఆర్ కోడ్ చిక్కు ఉంది. పండగ స్టాల్ దగ్గర క్యూఆర్ అతికిస్తే డబ్బు బాగానే పడుతుంది. ఎవరిచ్చారో మాత్రం ఒక యూపీఐ ఐడీ తప్ప తెలియదు. పేరూ ఊరూ లేని విరాళాలు పరిమితి దాటితే, అంటే మొత్తం విరాళాల్లో 5 శాతమో లక్ష రూపాయలో ఏది ఎక్కువైతే అది దాటితే, ఆ పైదాని మీద 30 శాతం పన్ను పడుతుంది. క్యూఆర్ పక్కన ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, ఒక మనిషి ఉండాలి. ఆ పుస్తకంలో పడ్డ పేర్లే మీ తర్వాతి విడత నెలవారీ దాతలు. వాళ్లకి రెండో రోజే ఫోన్ చేయండి, నెల తర్వాత చేస్తే ఎవరు మీరు అంటారు.

అమెరికా సంగతికి వద్దాం. భారత పాస్‌పోర్టుతోనే ఉన్న ప్రవాసులు, గ్రీన్ కార్డు ఉన్నాసరే, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. వాళ్లు ఒంగోలులోని తమ రూపాయల ఖాతా నుంచి పంపినా అంతే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకు సంస్థకి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చేయడానికీ వీల్లేదు. మీ లెక్కల ప్రకారం ఇంకా మీరు ఆ గీతకి దూరంగా ఉన్నారు. కాబట్టి ఇప్పటికి ‘మీ పాస్‌పోర్టు ఏ దేశానిది’ అని మొహమాటం లేకుండా అడిగి, భారతీయులైనవాళ్లనే చేర్చుకోండి. మామయ్యే కదా, పెదనాన్న కొడుకే కదా అని తీసుకున్న విరాళం తర్వాత సంస్థ మెడకి చుట్టుకుంటుంది.

నెలనెలా పంపే కబురు చిన్నదిగా ఉండాలి. ఒక ఫోటో, మూడు వాక్యాలు, లేకపోతే టీచరు మాట్లాడిన ముప్పై సెకన్ల ఆడియో. నా అనుభవంలో ఆడియో ఫోటో కన్నా ఎక్కువ పనిచేస్తుంది, ముఖ్యంగా ఊరు వదిలి వెళ్లినవాళ్ల దగ్గర. ఆ యాస వినగానే సగం పని అయిపోతుంది. చెడ్డ కబుర్లు కూడా చెప్పండి: వర్షాలకి వారం రోజులు సెంటరు నడవలేదు, ఇద్దరు పిల్లలు పత్తి తీతకి వెళ్తున్నారు, కొత్త టీచరు దొరకలేదు. అన్నీ బాగున్నాయని రాసే ఉత్తరాన్ని ఎవరూ చదవరు. ఆరు నెలలకొకసారి సెంటరువారీగా జమాఖర్చు ఒక్క పేజీలో పంపండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. చేర్చుకున్న రోజే సేవ్ చేయించండి. గ్రూపు మాత్రం పెట్టకండి. మూడో రోజుకి గుడ్ మార్నింగ్ పూలు, అయిదో రోజుకి రాజకీయాలు వస్తాయి.

ఫోటోల విషయంలో ఒక హద్దు. మీ సెంటర్ల పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతితోనే వాడండి, జాలి పుట్టించే ఫోటోలు అసలు వద్దు. ఎప్పుడైనా అనాథ పిల్లల వసతి గృహం మొదలుపెడితే ఇంకా జాగ్రత్త. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

పుట్టినరోజు దాతలని వదులుకోకండి. తిరుమల నిత్యాన్నదానం 1985లో మొదలైనప్పటి నుంచీ, అంతకుముందు ఊరి గుళ్ల శాశ్వత పూజల నుంచీ, ఒక తేదీకి ఒక పేరుతో ఇవ్వడం మన వాళ్లకి బాగా అలవాటు. అమ్మ పేరు మీద ఏటా భోజనం పెట్టించే కొడుకుని ఆ రోజే అడగండి: ‘ఈ ఒక్కరోజుకి ఆరువేలు ఇస్తున్నారు. ఇదే మొత్తాన్ని నెలకి అయిదొందలుగా ఇస్తే ఏడాది పొడుగునా అమ్మగారి పేరు సెంటరు బోర్డు మీద ఉంటుంది.’ కొందరు మారతారు. మారనివాళ్లని బలవంతం చేయకండి, భోజనం భోజనమే.

అదే విధంగా ఆ ఊళ్లలోనే ఉండే రైతుల్ని నెలవారీలోకి లాగకండి. వాళ్లకి నెల జీతం లేదు. మిర్చి, కందులు, శనగ అమ్ముడైనప్పుడు చేతిలో డబ్బుంటుంది. వాళ్లని పంట చేతికొచ్చాక ఒకసారి అడగండి. బస్తా కందులిచ్చినా పుచ్చుకుని రసీదు రాయండి. ఆ డబ్బుని విడిగా ఉంచితే మాండేట్లు తక్కువ పడే ఏప్రిల్, మే నెలలకి అడ్డుపడుతుంది. కాకపోతే ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఖర్చుచేయాలన్న నిబంధన ఉంది, ఎంత దాచొచ్చో మార్చికి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

ఇక ఏజెన్సీ. వద్దంటాను. మీరు చెప్పిన ఏజెన్సీ మొదటి ఏడాది వచ్చినదాంట్లో సగం దాకా అడుగుతోంది అన్నారు. 500 ఇచ్చే దాత పదో నెలలో జారిపోతే మీకు మిగిలేదేమిటో మీరే లెక్కేసుకోండి. పెద్ద సంస్థలు వేలమంది దాతలతో, మూడు నాలుగేళ్లు ఓపిక పట్టగలిగి ఆ లెక్కని గట్టెక్కిస్తాయి. 72 మంది కోసం అది అక్కర్లేదు. పైగా ఫోన్ చేసేవాడికి మార్కాపురం ఎక్కడుందో తెలియదు, దాతల నంబర్లు వాడి కంప్యూటర్లో మిగిలిపోతాయి. ఆ డబ్బుతో నేను పైన చెప్పిన డిగ్రీ అమ్మాయిని పెట్టుకోండి. సంక్రాంతికి ముందు నెల రోజులు ఆమె చేత పాత రసీదు పుస్తకాల్లోని వాళ్లకి ఫోన్లు చేయించండి. ముందు ఒక్క సెంటరుకి పన్నెండు మందిని నింపండి. అది మూడు నెలలు సాఫీగా నడిచాకే రెండో ఊరి జాబితా తెరవండి.